కుడి చివరి తొట్టి

మామయ్య పెరట్లోంచి వచ్చి, వేళ్లకి మట్టి అంటుకుని ఉన్న అవిసె మొక్కని అత్తయ్య టీ గ్లాసు పక్కన పెట్టారు.

మొక్క మోకాలెత్తు కూడా లేదు. ఆకుల అంచులు పసుపు రంగుకి తిరిగి, నిప్పు తగిలిన కాగితంలా చుట్టుకుపోయాయి.

అత్తయ్య దాన్ని చూడలేదు. గ్లాసుని రెండంగుళాలు అవతలికి జరిపి, మళ్లీ టీ తాగడం మొదలుపెట్టింది.

“అమ్మాయ్,” అన్నారు మామయ్య, నా వైపు కూడా చూడకుండా. “నాలుగు వరుసలు పోయాయని మీ అత్తయ్యతో చెప్పు.”

అత్తయ్య నాకు బారెడు దూరంలో ఉంది. ఆయనకి మూరెడు దూరంలో ఉంది.

“అత్తయ్యా, నాలుగు వరుసలు...”

“విన్నాను. నాకు చెవుడు లేదని చెప్పు మీ మామయ్యకి.”

“మామయ్యా, అత్తయ్యకి చెవుడు...”

“ఏ తొట్టి నీళ్లు వదిలిందో అడుగు.”

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. “ముప్పై ఏళ్లుగా ఈ చేతులతో బట్టలుతుకుతున్నాను. ఒక తొట్టి నీళ్లు ఇంకో తొట్టిలో కలిసిన రోజు లేదని చెప్పు. పచ్చి పేడనీళ్లు పోసి వేళ్లు మాడ్చింది ఎవరో పాకలోకి వెళ్లి ఆ గేదెనే అడగమని చెప్పు.”

ఇవాళ ఆదివారం, ఇది ఐదో రోజు. మామయ్య బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా ఎదురుగా రోడ్డుందన్నట్టు ముందుకే చూస్తారు. వెనక సీట్లో ఎవరున్నారో తెలియాలంటే ఆయనకి అద్దం కావాలి. మంగళవారం నుంచి ఆ అద్దం నేనే.

మంగళవారం జరిగింది చిన్న విషయమే. పెద్ద గేదె తోక ఒక్కసారి విసిరింది. ఊళ్లోని లాడ్జి కోసం అత్తయ్య ఉతికి ఆరేసిన పదహారు దుప్పట్ల మీద పేడ చుక్కలు పడ్డాయి. “చుక్కల దుప్పట్లు బాగానే ఉన్నాయి,” అన్నారు మామయ్య. అంతే, ఆ మాటతో వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి.

నాకు పెళ్లయి రెండు నెలల పదకొండు రోజులు. నిజం చెప్పాలంటే, ఆ అద్దం ఉద్యోగం కూడా నాకు ముచ్చటగానే ఉండేది. ఒకరి మాట ఇంకొకరికి చేర్చేటప్పుడు కాస్త చక్కెర కలిపేదాన్ని. ఈ పూట మాత్రం చక్కెర సరిపోయేలా లేదు.

ఎందుకంటే రేపు పశువుల బేరగాడు వస్తాడు.

బోరు ఎండిపోయాక పెరట్లో గడ్డి మాడిపోయింది. వానల తర్వాతయినా పశువులకి ఆకుమేత దొరుకుతుందని మామయ్య పది వరుసల అవిసె వేశారు. పది వరుసలూ నిలిస్తే రెండు గేదెలకీ సరిపోతుంది. ఆరే నిలిస్తే ఒక్కదానికే. అందుకే మొక్కలు నిలవకపోతే పెద్ద గేదెని ఇచ్చేస్తానని బేరగాడికి మాటిచ్చారు. మాటిచ్చి వచ్చిన రోజు పాకలో దాని మెడ మీద చెయ్యివేసి చాలాసేపు కూర్చున్నారు.

ఆ మొక్కలకి బట్టలుతికిన నీళ్లు పెడదామన్న సలహా నాది. కాలేజీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివినదాన్నాయె. కంకర, ఇసుక, బొగ్గు పొరలుగా నింపిన డ్రమ్ములోంచి నీళ్లు దిగి, గొట్టంలో పెరట్లోకి పోయేలా నేనూ మా ఆయనా కలిసి అమర్చాం. “ఆఖర్న జాడించిన నీళ్లయితేనే. మిగతావి ముట్టుకోవడానికి వీల్లేదు,” అని అత్తయ్య షరతు పెట్టింది. ఆ తర్వాత లాడ్జి మేనేజరు దగ్గర్నుంచి కూరగాయలమ్మే ఆవిడ దాకా అందరికీ “మా కోడలు చదువుకుంది, నీళ్లని రెండుసార్లు వాడుతుంది” అని చెప్పుకుంది.

“నేను వెళ్లి చూసొస్తాను మామయ్యా,” అన్నాను.

“చూడ్డానికేముందమ్మా,” అన్నారు ఆయన, ఎదురుగా ఉన్న గోడతో.

* * *

తను అప్పటికే పెరట్లో ఉన్నాడు. మోటార్లు బాగుచేసే పని మీద నాలుగు రోజులు పక్క ఊరి మిల్లులో ఉండి, ఇవాళ పొద్దున్నే వచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి వరుస దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నాలుగు రోజుల తర్వాత చూస్తే ఆ మడిచిన చేతులు కూడా కొత్తగా కనిపించాయి. పెద్దవాళ్ల ముందు “మీరు” అంటాను. పెరట్లోకి రాగానే “నువ్వు” అంటాను. పాక దాటగానే ఆ మాట మారడం నాకు రోజూ ఒక పండు తిన్నట్టు ఉంటుంది.

“ఏమైంది వీటికి?” అన్నాను పక్కన కూర్చుంటూ.

“ప్రొఫెసర్ గారు చెప్పాలి.”

పాదులోని మట్టి మీద తెల్లటి పొర కట్టింది. గోరుతో గీకితే పెంకులా లేచింది. మొదటి నాలుగు వరుసల్లోనూ అంతే. ఐదో వరుస నుంచి పదో వరుస దాకా మొక్కలు బడికి తయారైన పిల్లల్లా ఆకుపచ్చగా నవ్వుతూ ఉన్నాయి.

“రోజుకి ఎన్ని వరుసలు తడుస్తాయి?” అన్నాడు తను.

“ఒకటి. ఒక తొట్టికి ఒక వరుస.”

“నేను ఎన్ని రోజులు లేను?”

“నాలుగు రోజుల పదిహేను గంటలు.”

“గంటలు అడగలేదు.”

“లెక్క ఉంది కాబట్టి చెప్పాను.”

తను నవ్వాడు. అంతలోనే నవ్వడం ఆపేశాడు. నేనూ ఆపేశాను. నాలుగు వరుసలు. నాలుగు రోజులు. తను లేని నాలుగు రోజులూ మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో నడుం వాల్చగానే, బట్టలుతికే షెడ్డులోకి వెళ్లి గొట్టం తగిలించి తొట్టి బిరడా తీసింది నేనే.

“ఏ తొట్టి వదిలావు?” అన్నాడు మెల్లగా.

“ఆఖరి తొట్టి. నురగ లేకుండా తేటగా ఉంది. చేత్తో తీసి చూశాను కూడా.”

“ఏ చివరది?”

“ఏ చివరేమిటి, కుడి చివర. ఇటునుంచి ఒకటి, రెండు, మూడు.”

తను నా చెయ్యి పట్టుకుని లేపి, షెడ్డు కిటికీ దాకా తీసుకెళ్లాడు.

లోపల అత్తయ్య పనిలో దిగింది. కొంగు బిగించి, కుడి చివరి తొట్టిలో రాత్రంతా నానిన దుప్పటిని ఎడమచేత్తో పైకి లాగింది. లాగి మధ్య తొట్టిలో వేసి సబ్బు పెట్టి కుమ్మింది. నురగ మోచేతుల దాకా వచ్చింది. తర్వాత దాన్ని ఎడమ చివరి తొట్టిలోకి విసిరి, జాడించి, పిండి, ఎడమ భుజం మీద వేసుకుంది. 

అత్తయ్యది ఎడమచేతి వాటం. ఆ సంగతి నాకు తెలుసు. ఎడమచేత్తో కూరగాయలు తరుగుతుంది, ఎడమచేత్తో ఇస్త్రీ చేస్తుంది, ఎడమచేత్తోనే నా జడలో చిక్కు తీసింది. కానీ ఆ చెయ్యి ఎటు తిరిగితే షెడ్డు మొత్తం అటే తిరుగుతుందని నాకు తట్టలేదు. అత్తయ్య ఉతుకు కుడివైపు మొదలై ఎడమవైపు ముగుస్తుంది. రెండు చివర్లా నీళ్లు తేటగానే ఉంటాయి. ఒకటి జాడించిన నీళ్లు. రెండోది దుప్పట్లు తెల్లబడ్డానికి నానబెట్టిన బ్లీచింగు, సోడా నీళ్లు.

“వెళ్లేముందు చెప్పానుగా, ఎడమ చివరిదని,” అన్నాడు తను.

చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేను తన చెవి కింద ఉన్న పుట్టుమచ్చని చూస్తున్నాను. అది మాట్లాడినప్పుడల్లా కొంచెం కదులుతుంది.

“విన్నాను,” అన్నాను.

“ఏం విన్నావు?”

“గొంతు విన్నాను.”

కోపం తెచ్చుకోవాలని చూశాడు గాని, పాపం చేతకాలేదు. కిటికీకి ఇవతల ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. పాకలో పెద్ద గేదె తీరిగ్గా నెమరేస్తోంది. తనని ఎవరు అమ్మించబోతున్నారో దానికి తెలియదు.

“నేనే తప్పు చేశానంటాను,” అన్నాడు తను. “గొట్టం అటువైపు బిగించి ఊరెళ్లానంటాను. నన్ను నాలుగు తిట్టి ఊరుకుంటారు. నాకు అలవాటే.”

ఆ మాట ఎంత తీయగా ఉందో. సరేనంటే అందరూ బాగుంటారు. అత్తయ్య కూరగాయలావిడ ముందు తల దించుకోనక్కర్లేదు. చదువుకున్న కోడలు చదువుకున్న కోడలిగానే మిగిలిపోతుంది.

కానీ రేపు బేరగాడు వస్తే, ఆ గేదె మెడ మీంచి మామయ్య చెయ్యి తీయాల్సి వస్తే, నేను అక్కడ నిలబడి చూడాలి. అప్పుడూ చదువుకున్న కోడలిలాగే నిలబడాలి.

“వద్దు,” అన్నాను. “పద. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టు.”

* * *

షెడ్డులో మామయ్య బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నారు. అత్తయ్య కూర్చోలేదు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడే ఉంది.

“తొందరగా చెప్పమను,” అన్నారు మామయ్య.

“నేను చెప్పేది నా సొంత మాట మామయ్యా. ఎవరికీ చేరవేసేది కాదు,” అన్నాను. “ఆ నాలుగు వరుసలకీ నీళ్లు పెట్టింది నేను. కుడి చివరి తొట్టి నీళ్లు పెట్టాను. అదే ఆఖరిదనుకున్నాను.”

తడి దుప్పట్ల నుంచి నీళ్లు నేల మీద చుక్క చుక్కగా పడుతున్నాయి. ఆ చప్పుడు అంత పెద్దగా ఉంటుందని అప్పటిదాకా నేను గమనించలేదు.

“అది బ్లీచింగు తొట్టి,” అంది అత్తయ్య.

“ఇప్పుడు తెలుసు అత్తయ్యా.”

“వాసన తెలియలేదా?”

“ఈ షెడ్డంతా అదే వాసన కదా.”

అత్తయ్య ముక్కు ఎగపీల్చింది. ఇస్త్రీపెట్టెని నిలబెట్టి, మామయ్య వైపు తిరిగింది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి సూటిగా తిరిగింది.

“విన్నారా. నేను కాదు.”

“నువ్వని నేనన్నానా?” అన్నారు మామయ్య.

“మొక్క తెచ్చి నా టీ పక్కన పెట్టారు. దాన్నేమంటారు?”

“ఏ తొట్టి అని అడిగాను. అడగడం తప్పా?”

“అడిగారా? నన్నడిగారా? కోడల్ని అడిగారు.” అత్తయ్య చెయ్యి నడుం మీదకి వెళ్లింది. “రోజూ మధ్యాహ్నం నడుం వాల్చి లేచి వచ్చేసరికి ఎడమ తొట్టి నిండుగా ఉంటోంది. కుడి తొట్టి ఖాళీగా ఉంటోంది. నా మీద కోపంతో నా నీళ్లు మొక్కలకి పెట్టొద్దన్నారేమో, బ్లీచింగు నీళ్లతో పాక కడుక్కుంటున్నారేమో అనుకున్నాను.”

“నేనెందుకంటానలా?”

“మాట్లాడితే కదా తెలిసేది.”

“మరి ఎడమ తొట్టి నీళ్లు ఏం చేశావు?”

అత్తయ్య కొంగు సర్దుకుంది. “ఏం చేస్తాను. కాలవలోకి వదిలేశాను.”

“నాలుగు రోజులూ?”

“నాలుగు రోజులూ.”

మామయ్య తల పట్టుకున్నారు. “నాలుగు తొట్ల తేట నీళ్లు కాలవలోకి. ఇక్కడ మొక్కలకి బ్లీచింగు. ఒక్క మాట అడిగుంటే నీ సొమ్మేం పోయేది?”

“ఒక్క మాట మీరు అడిగుంటే మీ సొమ్మేం పోయేది?”

ఇద్దరూ గొంతులు పెంచి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ పోట్లాడుకుంటున్నారు. నన్ను మర్చిపోయారు. అద్దం ఉద్యోగం ఊడిపోయినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. తను వెనక నుంచి నా చిటికెన వేలు పట్టుకున్నాడు.

“సరే, ఆ సంగతి తర్వాత చూసుకుందాం,” అంది అత్తయ్య చివరికి. నా వైపు తిరిగింది. “నువ్వు చదివిన చదువులో, పాడుచేసినదాన్ని బాగుచెయ్యడం కూడా చెప్పారా?”

“చెప్పారు అత్తయ్యా. డ్రమ్ములోని బొగ్గు బ్లీచింగుని కొంత పీల్చుకునే ఉంటుంది, లేకపోతే మొక్కలు మొదటి రోజే పోయేవి. ఇప్పుడు పైనున్న తెల్ల పొర తీసేసి, తేట నీళ్లు నిండుగా పెట్టి, ఆ సోడాని వేళ్లకి అందనంత లోతుకి దింపెయ్యాలి. వరుసకి ఒక తొట్టి చాలదు. రెండేసి కావాలి.”

“ఎనిమిది తొట్లు. ఇవాళ నా దగ్గర వచ్చేవి రెండు.”

“ట్యాంకరులో నీళ్లున్నాయిగా,” అన్నారు మామయ్య.

“అవి లాడ్జి వాళ్లు దుప్పట్లకని పంపిన నీళ్లు. దుప్పటి ముట్టుకోకుండా ఒక్క చెంబు కూడా మొక్కకి పోదు.” అత్తయ్య ఆలోచించింది. తర్వాత ఫోను తీసింది.

“మేనేజరు గారూ, నేనే. రేపటి దుప్పట్లు ఇవాళే పంపండి. ఆ, ఇవాళే. కర్టెన్లు కూడా. ట్యాంకరు కూడా ఇవాళే రావాలి. ఎందుకా? మొక్కలకి ఒంట్లో బాగాలేదు. కాదయ్యా, దుప్పట్లు మొక్కలకి కప్పడానికి కాదు. అదంతా మా కోడలు చెబుతుంది, చదువుకుంది. ముందు పంపండి.”

ఫోను పెట్టేసి మా అందర్నీ చూసింది. “ఏమిటి చూస్తున్నారు? ఒక్కోటీ రెండుసార్లు జాడిస్తాను. దుప్పట్లకీ మంచిదే.”

“తొట్ల మీద రంగుతో అంకెలు వేస్తాను అత్తయ్యా,” అన్నాను.

“నా తొట్ల మీద అంకెలేమిటి? బస్సులా? నా పక్కన నిలబడి నాలుగు దుప్పట్లు ఉతుకు. అదే తెలుస్తుంది.”

* * *

మధ్యాహ్నానికి మూడు వరుసలు తడిశాయి. తను గొట్టం మోస్తున్నాడు. మామయ్య తెల్ల పొర గీకుతున్నారు, ఒక్కో మొక్కకీ “జరుగు, జరుగు” అంటూ, స్టాపులో జనాన్ని సర్దుతున్నట్టు. నేను అత్తయ్య పక్కన ఉతుకుతున్నాను. కుడి నుంచి ఎడమకి. మొదట్లో చేతులు అడ్డం పడ్డాయి. ఇరవయ్యో దుప్పటికి అలవాటైంది. అత్తయ్య నా వైపు చూడకుండా, “కోడలి ఉతుకు పరవాలేదు,” అని తొట్టితో అంది. ఆ మాటకి నాకు డిగ్రీ చేతికిచ్చినట్టే అయింది.

అప్పుడే వీధిలో లారీ ఆగింది.

“రేపు కదా వస్తానన్నాడు,” అన్నారు మామయ్య, చేతిలోని తాపీ అలాగే పట్టుకుని.

బేరగాడు తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. “రేపు ఇటు రావడం కుదరదు పెద్దాయనా. లారీ ఎటూ ఇటే వచ్చింది.” గేదెని బయటికి తీసుకురమ్మన్నాడు. మామయ్య తాడు విప్పి తెచ్చారు. వాడు చుట్టూ తిరిగి చూశాడు. “కాస్త బక్కచిక్కింది.”

“బక్కచిక్కిందా?” అంది అత్తయ్య, మోచేతుల దాకా నురగతో. “దాని తోక దెబ్బ తిని మాట్లాడు. పదహారు దుప్పట్లు ఒక్క విసురుకి. మా గేదెని అలా అనకు.”

మామయ్య నెమ్మదిగా మెడ తిప్పి అత్తయ్యని చూశారు.

బేరగాడు అవిసె వరుసల దాకా వెళ్లాడు. మొదటి వరుసలో ఒక ఆకు తుంపి, నలిపి, పారేశాడు. “ఇవి బతకవు. ఉన్నమాట చెబుతున్నాను. మీరిచ్చిన మాట కూడా అదే కదా.”

మామయ్య నన్ను చూశారు. ముందుకి కాదు, గోడకి కాదు, సూటిగా నన్ను. “చెప్పమ్మా. బతుకుతాయా?”

అందరూ నా వైపే చూస్తున్నారు. బతుకుతాయి అనాలని నాలుక చివరి దాకా వచ్చింది.

“తెలియదు మామయ్యా,” అన్నాను. “కాండం మీద గోరుతో గీకి చూశాను. లోపల ఇంకా ఆకుపచ్చగానే ఉంది. గురువారానికి చిగురు వేస్తే బతికినట్టే. వెయ్యకపోతే నేనే చెబుతాను.”

“గురువారం వెనక్కి ఇటే వస్తాను,” అన్నాడు బేరగాడు. “అప్పుడు పదికి పది వరుసలూ చూస్తాను. ఒక్కటి తక్కువైనా ఎక్కించుకుని పోతాను. ఇంకో మాట ఉండదు.”

“ఉండదు,” అన్నారు మామయ్య.

ఆయన తాడు నా చేతిలో పెట్టి, వాడిని సాగనంపడానికి వీధిలోకి నడిచారు. లారీ అడ్డం తీయించడానికి తనూ వెళ్లాడు. లాడ్జి నుంచి రెండో విడత కర్టెన్ల మూటలు అప్పుడే దిగుతుంటే అత్తయ్య అటు పరుగెత్తింది.

పెరట్లో నేనూ గేదే మిగిలాం. ఇంత దగ్గరగా దాన్ని ఎప్పుడూ చూడలేదు. కనురెప్పలు ఎంత పొడుగ్గా ఉన్నాయో. ముద్దొచ్చింది. “నాలుగు రోజులు,” అన్నాను దానితో. “నాలుగు రోజులు ఓపిక పట్టు, చాలు.”

అది చెవులాడించి, నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత మెడ సాచి గాలి పీల్చి, తల అటు తిప్పింది. ఐదో వరుస వైపు. అక్కడి నుంచి పదో వరుస దాకా అంతా ఆకుపచ్చ.

“వద్దు,” అన్నాను.

తాడు బిగిసింది. నా చెప్పులు తడి మట్టిలో జారాయి. వీధిలో లారీ ఇంజను మోతలో నా కేక ఎవరికీ వినిపించలేదు. గేదె మాత్రం ఏ తొందరా లేకుండా, నన్ను వెంటబెట్టుకుని, ఐదో వరుస వైపు నడవడం మొదలుపెట్టింది.